లోడు

యాంగ్యులరా, రియాక్టా అన్న తగువు
బ్రాడీపేట నాలుగో లైన్లో మొదలైంది,
జిరాక్స్ కొట్టు మీది గదిలో.
మార్చి నెల. కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటోంది.

నాగుల్ మీరాది యాంగ్యులర్.
మెడ దాకా గుండీలు పెట్టుకునే మనిషి.
"మెస్సు భోజనమండీ అది.
పప్పు, వేపుడు, పులుసు, పెరుగు, వరస వాళ్లదే.
పెరుగు ముందడిగితే కసురుతారు.
కానీ విస్తరి ముందు నుంచి ఎవరూ ఆకలితో లేవరు."

నాది రియాక్టు.
అన్నం మనం వండుకుని
కూరలు కర్రీ పాయింట్లలో ఏరి తెచ్చుకోవడం.
దారి చూపడానికొక ప్యాకెట్టు, ఫారాలకొకటి,
గుర్తు పెట్టుకోవడానికి మూడు కొట్లు తిరిగి ఇంకొకటి.
ఆర్నెల్లకోసారి ఏదో ఒక కవరు కారుతుంది, ఒప్పుకుంటాను.
అయినా, ఉద్యోగం లేని ఏడాదంతా
అక్క పాత ల్యాప్‌టాప్ మీద నాకు తోడున్నది అదే.
ఆ మాట మాత్రం వాదనలో ఎప్పుడూ వాడలేదు.

రత్తయ్యగారిది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు.
"ఏ రకం ఎంత పలికిందో రైతు ఫోన్లో కనపడాలి.
దేంతో కడతారో నాకెందుకమ్మా?"
ఇద్దరం చెరొకటి కట్టాం. పది రాత్రులు.
అతని ఫోల్డర్లు బీరువాలో ఇస్త్రీ బట్టలు.
నావి దండెం మీదివి.

యార్డు గేటు దాటగానే
కళ్లు, ముక్కు, సిద్ధాంతాలు
అన్నీ ఒకేసారి కారాయి.

కరుణమ్మది కౌలు చేను, ప్రత్తిపాడు వైపు.
పన్నెండు టిక్కీల తేజ పక్కన కూర్చుని
రబ్బరు బ్యాండు వేసిన ఫోను చేతికిచ్చింది.
నా పేజీ నొక్కాను.
తెల్లగా.
తెల్లగానే.
"లోడవుతోంది" అన్నాను.
ఆమె తల తిప్పి లారీ వైపు చూసింది.
"ఆఁ, అవుతోంది" అంది.

హమాలీ వీపు మీంచి పదకొండో టిక్కీ లారీ ఎక్కాక
నా మొదటి అక్షరం వచ్చింది.
మీరాది పద్నాలుగు.
మూడు టిక్కీలతో గెలిచాను.
ఈలోగా గుమాస్తా రేటు కేకేశాడు,
కరుణమ్మ కొంగు దులుపుకుని లేచింది.
ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆ రాత్రి ఉత్త పట్టిక ఒకటి రాశాం, ఆరు వరసలు.
మెస్సూ లేదు, కర్రీ పాయింటూ లేదు,
చద్దన్నంలో ఉల్లిపాయ.
తెల్లారి యార్డులో నొక్కితే
మొదటి టిక్కీ ఇంకా వీపు మీద ఉండగానే వచ్చేసింది.
ఇంత చిన్నదానికి బిల్లు ఎలా వెయ్యాలో
ఇద్దరికీ తెలీలేదు.

తగువు తీరిందనుకోకండి.
లక్ష్మీపురం ఆసుపత్రి పని నిన్న వచ్చింది,
అపాయింట్‌మెంట్లు, రిపోర్టులు, ఇరవై తెరలు.
మీరా పై గుండీ సర్దుకున్నాడు.
నేను కవర్ల ముడులు విప్పుకుంటున్నాను.
కాకపోతే ఇప్పుడు సెకన్ల లెక్క మానేశాం.
"ఎన్ని టిక్కీలు?" అంటాడు.
"నాలుగు" అంటాను.
అబద్ధం.
ఆరు.