అడుగు తెరిచే పెట్టె

పదో తరగతి, అన్నాలయ్యాక మొదటి పీరియడు.
కిటికీ అవతల కాలువ నిండా గుర్రపుడెక్క
రాజోలు లాకుల దాకా.
నేను వియన్నా రాజు గురించి చెబుతున్నాను.

మారుపేరుతో ఊళ్లు తిరిగినవాడు.
ఎక్కడ దిగినా గడ్డిపరుపే చాలన్నవాడు.
ఒకనాడు దారిపక్క రైతు చేతిలోంచి నాగలి తీసుకుని
తనే దున్నాడని చెప్పగానే
వెనక బెంచీ నవ్వింది:
"ఒంకరటింకరగా దున్నుంటాడండి!"
నాగలిని దాచారు గానీ
ఆ చాలు ఎలా వచ్చిందో ఎవరూ రాయలేదు.

రైతు మెడమీద దొర కాడి తీశాడు.
ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకోమన్నాడు.
మఠాలు మూయించాడు, ఆస్పత్రి తెరిచాడు.
ఉత్తర్వు మీద ఉత్తర్వు,
గండి పడే వేళ గట్టు మీద ఇసక బస్తాల్లాగా.
అంతా జనం కోసమే.
జనాన్ని మాత్రం అడగలేదు.

చచ్చినవాళ్లకీ ఒక ఉత్తర్వు:
కలప దండగ. పేటకో పెట్టె చాలు.
అడుగున తలుపు. గోతి మీద గడియ లాగితే
మనిషి కిందికి, పెట్టె ఇంటికి.
వియన్నా భగ్గుమంది.
ఏడాది తిరక్కుండా ఆ కాగితం వెనక్కి.

అప్పుడు లేచాడు మట్టా యోనా,
చింతావారిలంక నుంచి పడవ దాటి వచ్చే వడ్రంగి కొడుకు:
"బందులు ఎటేపు పెట్టారండీ మేస్టారూ?
పొడుగునా, అడ్డంగానా?"
పుస్తకంలో లేదు.
కూర్చోమన్నాను.
ఆ ఏడు యోనా చరిత్రలో తప్పాడు.

ఎనభయ్యారు ఆగస్టు.
గోదారి లంక మీంచి నడిచిపోయింది.
నీరు తీశాక బియ్యం మూటలతో పడవెక్కి నేనూ వెళ్లాను.
మంచాలు, దూలాలు, చర్చి బల్లలు
అన్నీ సముద్రం దారి పట్టాయి.
ఇసక మేట మీద యోనా
పగిలిన పడవ చెక్కలతో ఒకే ఒక్క పెట్టె చేస్తున్నాడు.
చుట్టూ ఆడవాళ్ల తగువు.
"చాపలో చుట్టి పంపుతానంటావా మా అత్తని?"
"గడియ చప్పుడు కాకూడదురోయ్."
"పడేసినట్టు కాదు, పడుకోబెట్టినట్టు ఉండాల."
మాటకో మార్పు:
గడియకి పాత పంచె చుట్టాడు,
తలుపుని రెండు రెక్కలు చేశాడు,
మెల్లగా వదలడానికి కొబ్బరితాడు కట్టాడు.
ఒక ముసలమ్మ లోపల పడుకుని చూసి
భుజాల దగ్గర ఇరుకంది. మళ్లీ విప్పాడు.

నన్ను చూసి ఉలి కింద పెట్టాడు.
"పొడుగునాయేనండి, మేస్టారూ.
అడ్డంగా పెడితే తల ముందు పడిపోద్ది.
ఆ రాజుగారికి ఎవరూ చెప్పలేదనుకుంటానండి."

ఎవరు చెబుతారు?
చనిపోయే ముందు తన ఉత్తర్వులు చాలామటుకు
తనే కొట్టేసుకున్నాడు.
తలపెట్టినదేదీ నెగ్గనివాడని
తన రాతిమీద రాయమన్నాడట.
తల్లి సమాధి మేడంత;
దాని కాళ్ల దగ్గర ఈయనది ఒట్టి రాగి పెట్టె.
కాడి తీసిన కాగితం మాత్రం చించలేదు.

ఇప్పుడా పాఠం పుస్తకంలో లేదు. నాకూ ఉద్యోగం లేదు.
మొన్న లంకకి వెళితే
చర్చి వసారాలో, వాసాలకి తాళ్లతో కట్టి ఉంది పెట్టె,
పడవకి పూసే నీలం రంగులో.
ఎవరెవరు వెళ్లారో యోనా కూతురు
రూళ్ల పుస్తకంలో రాస్తోంది.
చివర తండ్రి పేరు.

దించి చూపించమన్నాను.
గడియ లాగాను.
చప్పుడు కాలేదు.