ఉప్పు లెక్క

జుబైల్ల నా కొలువు
సముద్రంలకెళ్ళి ఉప్పు తీసుడు.
పన్నెండు గంటలు పంపుల మోత, చెవుల్ల దూది.
ఒక దిక్కు సముద్రం వస్తది,
ఇంకో దిక్కు సప్పటి నీళ్ళు పోతయి.
రియాద్ దాక పోతయట, నేనెన్నడు ఎంబడి పోలే.

రాత్రి గదికొచ్చి
గవ్వే నీళ్ళల్ల ఉప్పు కలుపుతున్న.

రోడెల్ మనీలా పోతూ ఇడిచిపెట్టిన
మూడడుగుల అద్దాల తొట్టి,
నీలిరంగు గులకరాళ్ళు, నాలుగు బంగారు చేపలు.
చేపల్ని మొయిదీన్ బకాలాకిచ్చిన.
లబన్ సీసాల ఫ్రిజ్జు పక్కన ఇప్పుడవి
గిరాకీల మొకాలు చూసుకుంట బతుకుతున్నయి.

"అల్లదిగో సముద్రం కనిపిస్తంటే
గాజుపెట్టిలో ఎట్టుకోడమేటి రా?"
పోలారావు. వెల్డరు. బారువ ఒడ్డున పుట్టినోడు,
పదేండ్లకే తెప్ప ఎక్కినోడు.
ఏం చెప్పాలె?
నాకు తెల్సిన సముద్రం
నలభై ఎనిమిది అంగుళాల పైపుల ఉంటది.
దాని లోపలేముంటదో నేనెన్నడు చూడలే.

రాయి కొంటే పైసలు, ఒడ్డుకెళ్ళి తెస్తే జుర్మానా.
"రాయే గద, నేను చేస్త" అన్నడు నర్సింలు మేస్త్రి.
సిమెంటు, దంచిన ఆలిచిప్పలు,
పిడికిళ్ళకు పిడికిళ్ళు దొడ్డుప్పు.
తడి ఇసుకల గుంత తీసి పోసిండు.
గట్టిపడ్డంక బకెట్ల నానేసినం.
ఉప్పు కరిగి పోయింది,
ఉప్పున్న తావులన్ని బొక్కలైనయి.
"గా బొక్కలే కావాలె మనకు" అన్న.
మేస్త్రి నవ్విండు:
"ముప్పై ఏండ్ల సంది
బొక్కలు లేకుంట కట్టుమనే తిట్టిన్రు నన్ను."

ఆరు వారాలు నీళ్ళు మార్చుడు, సున్నం చావాలని.
తర్వాత తెల్ల ఇసుక, ఉప్పు నీళ్ళు,
కూరకు తెచ్చిన రొయ్యలల్ల ఒకటి
పచ్చిదే ఏసి కుళ్ళబెట్టిన.
పెత్రమాస నాడు పెద్దలకు పెట్టినట్టు
కండ్లకు కనబడనోళ్ళకు పెట్టిన బువ్వ.
గదంత కంపు.
పోలారావు మూడు రాత్రులు
దుప్పటి పట్టుకపోయి కారిడార్ల పన్నడు.

మొదటి నత్త రెండు దినాలకే బోర్ల పడ్డది.
రోడెల్‌కు ఫోను చేస్తె యాదికి తెచ్చుకున్నడు:
ఎప్పుడో చేపలకు రోగమొస్తె
రాగి మందు పోసిండట.
చేపలు మరిచిపోయినయి,
అతుకుల సిలికాన్ మరువలే.
బ్లేడుతోటి అతుకులన్ని గీకి
మళ్ళ అతికిచ్చిన.
మళ్ళ ఉప్పు. మళ్ళ రొయ్య.
మళ్ళ పోలారావు దుప్పటి.

ఆగస్టుల ఏసీ ఆగింది. నీళ్ళు ముప్పై మూడు.
అప్పటికి తెల్లచారల చేపలు రెండు,
బొటనవేలంత పగడం ఒకటి.
గదిల తొమ్మిది మందిమి, గంటకొకరం,
గడ్డకట్టిన నీళ్ళ సీసాలు తేలేసుకుంట
తెల్లారగట్టినం.
మా నెత్తి మీద పెట్టుకోను
ఒక్క సీస మిగుల్లే.

గా నెలల్నే
మేస్త్రి రాయి బొక్కలకెళ్ళి
ఎర్రని ఈకల కుచ్చు బయటికొచ్చింది.
ఎవ్వలం కొనలే.
వేలు చూపిస్తె లోపటికి,
తీస్తె మెల్లగ బయటికి.
అప్పటికే దమ్మాం సైటుకు మారిన మేస్త్రి
శుక్రవారం బస్సెక్కి వచ్చిండు.
చెప్పులిడిసి, అద్దానికి ముక్కానిచ్చి
శానా సేపు చూసి అడిగిండు:
"అద్దె ఎంతట?"

ఎల్లుండి నాకు ఛుట్టీ, రెండు నెలలు.
పోలారావుకు అప్పజెప్తున్న.
ఇగో, అద్దం మీద మార్కరు గీత.
నీళ్ళు గీత దిగితె
మా ప్లాంటు నీళ్ళు పొయ్యి, సప్పటియే.
ఉప్పు కలుపకు.
ఆవిరయ్యేది నీళ్ళే,
ఉప్పు ఎటూ పోదు.

"నాకు సెప్తన్నావేటి రా" అనుకుంట
వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నడు.
నా చేతిల యంత్రం ముప్పై అయిదంటున్నది.
ఆయన ఏం అనలే.
ఇంకోసారి ముంచిండు.