పాత ప్రూఫు

అక్టోబరు. ఒహాయోలో ఇంకా మంచు పడలేదు.
హాలిస్ వెండ్లింగ్ నా ప్రెస్సులోకొచ్చి
టోపీ తియ్యకుండానే అన్నాడు:
"రెండువందల బోర్డులు కావాలి,
ఇంటి ముందు గడ్డిలో గుచ్చేవి.
లావు అక్షరాలు. ఎర్ర సిరా."

ఏం వెయ్యాలన్నాను.
"ద్రోహికి జైలే ఇల్లు."
కింద పేరు: డెల్బర్ట్ ఓక్స్.

ఓక్స్ ఎవరికి తెలీదు?
రోడ్ల శాఖలో పద్నాలుగేళ్లు పద్దులు రాసి
ఒక మధ్యాహ్నం అన్నం డబ్బాలో
సిమెంటు బిల్లుల నకళ్లు మడిచిపెట్టుకుని
వెనకతలుపు గుండా నడిచొచ్చినవాడు.
నీళ్లే లేని వాగు మీద
మూడుసార్లు కట్టిన వంతెన, కాగితం మీద.

"బిల్లులు అబద్ధమా హాలిస్?"
"బిల్లుల సంగతి కాదు. తిన్న ఉప్పు సంగతి.
ఎన్నికలు మూడు వారాల్లో పెట్టుకుని
ఇప్పుడే పుట్టుకొచ్చిందా వీడికి నిజాయితీ?
వెనక ఎవరో ఉన్నారు. ఉండి తీరాలి."

బోర్డు కొలతల కోసం
వెనకగదిలో పాత ఫైళ్లు దులిపాను.
తొమ్మిదేళ్ల కిందటి ప్రూఫు ఒకటి
అంచులు పసుపెక్కి, జిగురు వాసనేస్తూ చేతికొచ్చింది.
"నిజం చెప్పిన మనిషికి మా గుమ్మం తెరిచే ఉంది."
పేరు: రోవీనా స్టకీ.
కింద హాలిస్ సంతకం,
గేలంలా వంగిన అదే మొదటి అక్షరం.

నీటి శాఖ ఆవిడది.
చలికోటు లోపలి పొర విప్పి
నకళ్లు పెట్టి మళ్లీ కుట్టేసుకుని తెచ్చింది.
అప్పుడు ఎన్నికలకి పదకొండు రోజులే.
కుర్చీలో ఉన్నది మాత్రం హాలిస్ మనిషి కాదు.
నా మనిషి.

దొరికాడు, అనుకున్నాను.
కాగితం జెండాలా ఎత్తిపట్టుకుని
గుమ్మందాకా వచ్చేశాను కూడా.
అక్కడి వెలుతురులో కనిపించింది
మూలన నా పెన్సిలు రాత:
"పూర్తి ధర. డబ్బు ముందే తీసుకోవాలి."
దాని కింద, చిన్నగా, ఎవరూ అడక్కుండానే:
"ఈవిడ వెనక ఎవరున్నారో?"

మొన్న మంగళవారం
"ధన్యవాదాలు ఓక్స్" అని వేయించుకున్న మా వాళ్లకి
కాగితం ఖర్చు మాత్రమే తీసుకున్నాను.
సిరా నా లెక్కలో, మనస్ఫూర్తిగా.
ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటారే,
సున్నం పెట్టిన కన్ను మండుతుందనుకున్నాను.
మండదు. చల్లగా నిద్రపోతుంది, తొమ్మిదేళ్లు.

అయినా ప్రూఫు తెచ్చి బల్ల మీద పరిచాను.
హాలిస్ తన సంతకం చూశాడు.
తర్వాత నా పెన్సిలు రాత చూశాడు.
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
టోపీ తీసి, లోపలి చెమటమరక తుడిచి,
మళ్లీ పెట్టుకున్నాడు.
"అది వేరు" అన్నాడు.
"వేరే" అన్నాను నేను.
ఇన్నేళ్లలో మేమిద్దరం
ఒకే మాట మీద నిలబడ్డది అదొక్కసారే.

అతనికి చెప్పనిది ఇంకోటుంది.
పోయిన శుక్రవారం రోవీనా వచ్చింది.
ఇప్పుడు రాత్రిళ్లు బ్రెడ్డు ఫ్యాక్టరీలో పని,
మోచేతుల మడతల్లో పిండి.
తెరిచే ఉంటాయన్న గుమ్మాల సంగతి నేనడగలేదు,
ఆవిడ చెప్పలేదు.
ఆ బోర్డుల్లో ఒకటి
పక్కింటి కుక్కగూడుకి కప్పయిందట,
వానకి బాగానే ఆగుతోందట.

ఒక్క కవరు కావాలంది, మందంగా ఉండేది.
ఓక్స్‌కి పంపాలట.
ఏం పెడుతున్నావన్నాను.
"మంచి లాయరు నంబరు. నిద్రపట్టని రాత్రులకి నా నంబరు.
ఏప్రిల్ కల్లా ఫోను మోగడం మానేస్తుందని కూడా రాశాను.
ముందే తెలిస్తే కాస్త నయం."
ఆయన ఏ పక్షమో ఆవిడ అడగలేదు.
పిల్లలున్నారా అని అడిగింది.
నాకు తెలీదు.
ఆయన వాగు పేరు తెలుసు, వంతెన ఖరీదు తెలుసు,
ఎవరికి ఎన్ని ఓట్లు తగ్గుతాయో తెలుసు.
అది తెలీదు.

కవరుకి డబ్బులొద్దన్నాను.
నాణేలు లెక్కపెట్టి బల్ల మీదే పెట్టి వెళ్లింది.

హాలిస్ ఇంకా నిలబడే ఉన్నాడు.
"ఎప్పటికిస్తావ్?"
"గురువారానికి" అన్నాను.
మెషీన్ వేడెక్కడానికి కాస్త టైము పడుతుంది.
అందాకా ఇద్దరం
ఆ పాత కాగితాన్ని ఎవరు తియ్యాలో తెలీక
అలాగే ఉంచాం.