మూడో గేరులో చూసినవి

బియ్యం సంచి నిలువునా కోసి
నేల మీద పరిచాడు పోశెట్టి.
లోపలి తెల్లవైపు ఒమన్ దేశం.
హమ్రియా గదిలో ఏసీ నీళ్లు కారే మూల
సముద్రం.

పండక్కి మూడు రోజుల సెలవు.
నలుగురం. ఖాదర్ వలీ పాత సన్నీ కారు.
"తొవ్వలన్ని నీకే ఎరుక, నువ్వే గీయి" అని
మార్కరు నా చేతిలో పెట్టారు.

తొమ్మిదేళ్లు కంకర మోసిన చెయ్యి.
గీసింది.
ఇదిగో కురియాత్ దిగుడు, బ్రేకులు కాలి కమురు వాసన.
ఇక్కడ తూకం కాటా.
ఇక్కడ మలబారీ చాయ్, గ్లాసు సరిగ్గా కడగడు.
ఇక్కడ టైరు పేలి రాత్రంతా కూర్చున్నాను.
ఇక్కడ పోలీసు చెట్టు చాటున ఉంటాడు,
చెట్టు లేదు, అయినా ఉంటాడు.

సంచి నిండిపోయింది.
సత్తిపండు వంగి చూసి
"అన్నీ బానే ఉన్నాయండీ,
మరి సూడ్డానికేవున్నాయో?" అన్నాడు.

మార్కరు ఆగింది.
సూర్‌కి ఎన్నిసార్లు పోయుంటాను, నాలుగొందలు?
చుక్క రాలిపడ్డ గుంటలో పచ్చని నీళ్లుంటాయట,
బిమ్మా. బోర్డు చదివాను, ఎనభై మీద.
వాదీ షాబ్ వంతెన నా టైర్లకు తెలుసు,
దాని కింద ఏముందో నాకు తెలీదు.
సముద్రం తొమ్మిదేళ్లుగా నా ఎడమ చెంప పక్కనే ఉంది.
నేను అద్దంలో వెనకబండిని చూసుకుంటున్నాను.

పచ్చకొండకి సన్నీని పోనివ్వరట.
నాలుగు చక్రాలూ లాగే బండి కావాలట.
కొట్టేశాం.
పోశెట్టి మాత్రం ఆ గీత వైపే చూస్తూ
"మీద సలి ఉంటదంట గదా" అన్నాడు.
గల్ఫ్‌కి స్వెటరు తెచ్చుకున్న మనిషి.
ఆరేళ్లయింది, అది ఇంకా కవర్లోనే ఉంది.

సలీల్ అని ఒక వనం ఉందట.
"సలిలమంటే నీళ్లేనండీ,"
పదోతరగతి తెలుగులో తొంభై ఒకటి సత్తిపండుకి.
నీళ్లు లేవట. తుమ్మచెట్లు, జింకలు.
పేరులోనన్నా తడి ఉంది లెమ్మని
ఒక సున్నా చుట్టాం.

తాబేళ్ల తీరం గురించి ఖాదర్ ఫోన్లో చదువుతున్నాడు.
ఎక్కడెక్కడో తిరిగి,
తాము పుట్టిన ఇసుకకే వస్తాయట గుడ్లు పెట్టడానికి.
గదిలో ఎవరూ మాట్లాడలేదు.
ఎవడో ఒకడు ఆ మాట అనేసేవాడే.
"టికెటెంత?" అని పోశెట్టి అడిగాడు,
బతికించాడు.

మనిషికి పద్నాలుగు రియాళ్లు.
హోటలు లేదు, ఇసుకే పరుపు.
మొదటిరోజుకి పులిహోర.
రెండోరోజు కుబూస్ అనగానే
బేకరీలో రాత్రంతా కుబూసే కాల్చే సత్తిపండు
చేతులు జోడించాడు.

పడుకున్నాను గానీ నిద్ర రాలేదు.
ఖాళీబండితో తిరిగొచ్చేటప్పుడు
ఏమీ చూసిన గుర్తు లేదు. ఒకటే పరుగు.
బరువుతో ఎక్కేటప్పుడు,
మూడో గేరులో, నడిచే మనిషి దాటిపోయేంత మెల్లగా,
అప్పుడు చూశాను.
ముళ్లకంప మీద ముందుకాళ్లు ఆనించి
మనిషిలా నిలబడ్డ మేకని.
మడతపెట్టిన దుప్పట్ల దొంతరలా
కొండ కోత, ఒక్కో పొర ఒక్కో రంగు.
రోడ్డు పక్క చాప మీద ఎండు నిమ్మకాయలు పోసి
ఎవరూ ఆగకపోయినా
వచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తే ముసలాయన్ని.

లేచి, ఫోను వెలుతురులో
తూకం కాటాకీ చాయ్‌కీ నడుమ
మూడు చుక్కలు పెట్టాను.
పేర్లు లేవు వాటికి.
ఫోన్లో వెతికినా దొరకవు.

తెల్లారి పోశెట్టికి చెప్పాను,
స్వెటరు డిక్కీలో వెయ్యి,
రాత్రిపూట ఇసుక చల్లబడుతుంది.

ఇంకో మాట, ముందే చెప్తున్నా.
కారు ఖాదర్ నడుపుతాడు, నేను ముట్టను.
పోయేటప్పుడు సముద్రం ఎడమవైపు వస్తుంది.
డ్రైవరు వెనక సీటు
నాది.