ఇతరములు

పద్దెనిమిదేళ్లు షిప్‌యార్డులో
ఇనుముని ఇనుముకి అతికించినవాణ్ణి.
కర్ర సంగతి నాకు తెలీదు.
అయినా పోర్టు వేలంలో
అరవై రెండు వేలకి పాట నా మీద ఆగిపోయింది:
ఇరవై రెండు అడుగుల పాత లాంచీ,
కడుపులో వాననీళ్లు, ఒక కుక్క, దాని నాలుగు పిల్లలు.

కుక్క ఖాళీ చేసేదాకా నెల ఆగాం.

ఆ తర్వాత గీకుడు.
బూడిదరంగు కింద పచ్చ, పచ్చ కింద ఎరుపు,
ఎరుపు కింద ఎవరో వేలితో పూసినట్టు నీలం,
దాని కింద టేకు.
హైమ ముక్కు ఆనించి "ఇంకా వాసనుంది" అంది.
ఆ మాటతో నాకు ధైర్యమొచ్చింది,
ఆమె చేతికి రెండో గీకుడు కత్తి వచ్చింది.

తవుడు మేస్త్రికి డెబ్బై దాటాయి.
వేలి కణుపుతో పలక పలకనీ తట్టి
చెవి ఆనించి వింటాడు, పుచ్చకాయ కొనేవాడిలా.
"ఇది బతికే ఉంది. ఇదీ ఉంది. ఇది పోనాది."
పోయినవి పదకొండు.
కంచరపాలెం డిపోలో దొరికిన పలకల్ని
డ్రమ్ము ఆవిరిలో ఉడకబెట్టి
అరచేతులు కాలుతుండగా ఇద్దరం వంచాం.
ఇనుమైతే నేను చెప్పినట్టు వింటుంది.
కర్ర ముందు తను చెప్పాల్సింది చెప్పి
తర్వాత వింటుంది.

రాగి మేకులు. సందుల్లో దూది.
గుగ్గిలం నూనెలో మరుగుతుంటే
వీధి వీధంతా దగ్గులు, తిట్లు.
ఇంజను మాత్రం మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీది,
విప్పి దులిపితే
వరిపొట్టు, ఒక గాజు ముక్క, పావలా బిళ్ల.

లైసెన్సు కాగితం ముందేసుకుని గుమస్తా అడిగాడు:
"చేపలకా? టూరిస్టులకా?"
"ఇంట్లోవాళ్లకి."
ఆ గడి లేదన్నాడు. పెన్ను మూత పెట్టి, తీసి,
చివరికి "ఇతరములు" అని రాశాడు.

ఆ ఇతరముల్లో మా అమ్మ కాసులమ్మ.
నలభై ఏళ్లు నెత్తిన తట్టతో
పెదజాలరిపేట ఒడ్డున పడవలకి ఎదురెళ్లిన మనిషి,
మోకాలు దాటి నీళ్లెరగదు.
ఆడమనిషి అడుగు పెడితే వల ఖాళీ అనేవాడు నాన్న.
అలా అన్న నాన్న తెచ్చిన ఖాళీ వలలు
ఎవరి అడుగు వల్లో
ఆమె ఎప్పుడూ అడగలేదు.

నీళ్లలోకి దించిన రోజు
అన్ని సందుల్లోంచీ సముద్రం లోపలికొచ్చింది.
ఏడాదిన్నర పని, చీలమండల లోతులో.
వెల్డింగు వాణ్ణి కదా, కారితే నేరం మాది.
బకెట్టు పట్టుకుని అరుస్తున్నాను.
తవుడు మేస్త్రి బీడీ ఆర్పకుండా అన్నాడు:
"తాగనీ బావూ. ఒడ్డున పడుండి ఎండిపోనాది.
కడుపు నిండితే అదే నోరు మూసుకుంటాది."

రాత్రంతా జెట్టీ మీదే.
తోడాం, ఆగాం, తోడాం.
తన్మయి బకెట్లు లెక్కపెడుతూ
మూడొందల పద్నాలుగు దగ్గర నిద్రపోయింది.
తెల్లవారుజామున
ఉబ్బిన పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుని
టిక్కుమన్నాయి, ఎక్కడో మళ్లీ టిక్కుమన్నాయి.
తర్వాత తోడ్డానికి ఏమీ లేదు.

అమ్మ చెప్పులు విడిచి
ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి చూసింది.
అందరూ చూస్తున్నారు.
ఎక్కింది.

ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.
గోడ దాటి అలల్లో పడ్డాక
లాంచీని పక్కకి తిప్పి చూపించాను:
అదిగో డాల్ఫిన్ నోస్, అదిగో కైలాసగిరి,
ఆ మధ్యన తెల్లగా పరుచుకున్నదంతా మన ఊరే.
చాలాసేపు చూసింది.
"మన సందు ఏదిరా?"
ఇంత దూరం నుంచి కనపడదమ్మా అన్నాను.

"అయితే మీ నాన్నకి నాను కనపడీదాన్ని కాదన్నమాట.
రోజూ చెయ్యి ఊపీదాన్ని."

హైమ ఫ్లాస్కు మూత బిగించింది, బిగిసి ఉన్నదాన్నే.
అమ్మ వంగి అడుగు పలక మీద అరచెయ్యి రాసింది,
మొప్పలెత్తి చేపని చూసే చెయ్యి.
చెమ్మ లేదు.

ఒడ్డు వైపు తిప్పబోతే
"ఉండరా," అంది,
"ఇంకాస్త లోనకి పోనీ."