సొరుగు అడుగున

మండిబజార్ల, సైకిల్ కూడ తిరగని గల్లీల
యాకూబ్ సేటు పాతకట్టె దుకాణం.
టేపు పట్టుకుని పోయిన.
హాల్ల కిటికీ కింద అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ జాగ.
బ్యాగుల ఏరియర్స్ పైసలు,
పాతికేండ్ల నైట్ డ్యూటీలు మడతపెట్టిన కవరు.

కొత్తది కొనరాదా సిస్టర్, అన్నరు వార్డుల.
కొత్తవాటికి కట్టె వాసన రాదు,
జిగురు వాసనొస్తది.
వానకాలం రాంగనే కాళ్లు ఉబ్బుతయి,
మా కిడ్నీ పేషెంట్ల లెక్క.

సేటు ఒక్కోదాని మీద చెయ్యేసి చెప్పుకుంట పోయిండు:
ఇది కాజీపేట రైల్వే బంగ్లాది.
మీద చాయ్ కప్పుల గుండ్రాలు,
ఎంత రుద్దినా పోని సున్నాలు.
ఇది మిల్లు మేనేజరు గదిది,
తాళం ఉన్నది, చెవి మిల్లుతోనే పోయింది.
ఇంకోటి రంగూన్ టేకు అన్నడు,
ఎనుకకు తిప్పితే ప్లైవుడ్డు తేలింది.
ఇద్దరం నవ్వినం.

మూలకు, గోనెపట్ట కింద
పొట్టిగ, పొడుగ్గ, నల్లగ ఒకటి.
రెండు దిక్కుల తలుపులు, నడుమ మూడు సొరుగులు,
ఇత్తడి కడియాలు, కాళ్లకు పులిగోర్లు.
ఫోటో పంపితే మేనకోడలు
దీన్ని క్రెడెంజా అంటరు పెద్దమ్మా అన్నది.
సేటు సైడుబోర్డు అన్నడు.
అని, గొంతు తగ్గించి,
"గడిది మేడం. దొరలు దీంట్లనే
వెండి గిన్నెలు పెట్టుకునేటోల్లు."

చెయ్యి ఎనుకకు తీసుకున్న.

మా అమ్మమ్మ కొమురవ్వ గడిల వెట్టి చేసింది.
ఇసొంటిదాన్నే
పొద్దుగాల ఒకపారి, పొద్దూకి ఒకపారి
తుడిచేదట.
తుడుసుడే. తెరుసుడు లేదు.
లోపట ఏముంటదో తెల్వకనే కాలం చేసింది.

ధర అడగకుండ బయటపడ్డ.
చౌరస్తా దాక నడిచిన,
ఆటో ఆపి, వద్దని పంపిన,
మల్ల వాపసు పోయిన.
ఎందుకు పోయిన్నో ఇప్పటికీ సక్కగ చెప్పలేను.

నడిమి సొరుగు పూర్తిగ గుంజి
బోర్ల పండబెట్టిన.
పాలిషు ఎరుగని పచ్చి టేకు.
దాని మీద పెన్సిలు గీతలు:
మూడు జానలు, నాలుగు వేళ్లు.
కొలత తప్పితే కొట్టేసి మల్ల రాసిన అంకె.
మూలమీద ఒక్క మేకు లేదు,
పలకలు రెండూ
వేళ్లల్ల వేళ్లు జొనిపి పట్టుకున్నయి.
ఇంకా లోపటికి, దీపం పెడితే గాని కనిపించని చోట,
ఉలితోని చెక్కిన బెత్తెడు చేప.

ఎవలో వడ్లాయన.
ఆయనకు కూలి ముట్టలేదనే అనుకుంట,
గడిల ఎవలకు ముట్టింది గనుక.
చేప మాత్రం ఆయనది.
సొరుగు తిరగేసి చూసే పని
దొరకు ఎన్నడు పడి ఉంటది?

"ఎంత?" అన్న.
ఇరవై ఎనిమిది అన్నడు.
ఎడమ తలుపు వంకర, పురుగు బొక్కలు ఏడు,
లెక్కపెట్టి చూపిచ్చిన.
పందొమ్మిదికి తెగింది.

లిఫ్టుల పట్టలేదు.
నలుగురు హమాలీలు మూడంతస్తులు మోసిన్రు.
అడిగినంత ఇచ్చిన, మీద రెండొందలు పెట్టిన.
దీని పేరు మీద ఇంకో కూలి బాకీ ఉండొద్దు.

ఆదివారం అమ్మ పరకాల నుంచి వచ్చింది.
చెప్పులు విడుసుకుంట విడుసుకుంట చూసింది.
నేనేం చెప్పలేదు. పులిగోర్లు చెప్పినయి.
చాలసేపు దూరంగనే కూసున్నది.
చాయ్ అయినంక లేచి
ఒక్కో తలుపు తెరిచింది:
బీపీ మిషను, కరెంటు బిల్లులు,
అటుకుల డబ్బా, నా పాత యూనిఫారాలు.
మూడు సొరుగులూ గుంజింది,
మూడో దాంట్ల చెయ్యిపెట్టి అడుగు దాక తడిమింది.
"గింతేనా," అన్నది.
"అవ్వ ఏమేమో అనుకునేది."

కొంగు అలవాటుగ చేతిలకొచ్చింది,
పైనున్న దుమ్ము దాక పోయి
ఆగింది.
"ఉండనియ్యి," అన్నది,
"నాలుగొద్దులు ఉండనియ్యి దుమ్ము."

ఎడమ తలుపు ఇప్పటికీ సరిగ్గ పడదు.
అమ్మ బస్సుల తెచ్చిన జీరో టికెట్టు
నాలుగు మడతలు పెట్టి ఇరికిచ్చిన.