గుంట మగ్గం

నాకొక అలవాటుంది, మంచిదో కాదో తెలియదు.
కచేరీకి ఏ ఊరు పిలిచినా
అక్కడ ఏ వాగ్గేయకారుడు పడుకున్నాడో అడుగుతాను.
కావేరి ఒడ్డున చెప్పులు విడిచి వరసలో నిలబడ్డాను.
వియన్నాలో ట్రామ్ దిగి, పటం తలకిందులుగా పట్టుకుని
మంచులో గంటన్నర తిరిగి
చివరికి వేరెవరి రాతికో దండం పెట్టి వచ్చాను.
హోటల్లో ఫొటో పెద్దది చేసి చూస్తే తెలిసింది.
దండం వెనక్కి తీసుకోలేదు.

ఈసారి కాజీపేటలో
రైలుకీ రైలుకీ మధ్య నాలుగున్నర గంటలు.
వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆటో అబ్బాయిని అడిగాను:
"కొత్తవాడలో చిప్ప వైకుంఠదాసు సమాధి?"
"చిప్పోళ్ళు శానమంది ఉన్నరు మేడం. ఏం జేస్తడాయన?"
కీర్తనలు కట్టాడు, అన్నాను.
"ఆఁ... మరి ఇప్పుడు?"

రంగు నూలు చిలపలు వేలాడే గోడలు దాటి
సందు చివర ఇనుప గేటు.
లోపల, ముప్పై ఏళ్ళుగా నేను వాయిస్తున్న ముఖారి
ఒక నల్లబండ కింద ఉంది.
బండ మీద మిరపకాయలు ఎండుతున్నాయి.

చాట పట్టుకుని కొంరవ్వ లేచింది.
"జరుపుతనుండు బిడ్డా.
గీ బండొక్కటే మంచిగ కాగుతది. తాత ఏమనడు."
పేరున్న చోట నాలుగు కాయలు పక్కకు నెట్టి చూపించింది.
'వైకుం' దాకా ఉంది.
మిగిలింది వానలు చదివేసుకున్నాయి.

పాడదామని నోరు తెరిచాను.
దగ్గు. కళ్ళనిండా నీళ్ళు.
"ఈడికొచ్చినోళ్ళందరు ఏడుస్తరు," అంది కొంరవ్వ,
"సగం మిర్చికే."

ఆయన పల్లవిలో ఒకచోట మాట ఆగుతుంది,
అరక్షణం.
మా గురువుగారు దాన్ని జీవుడి విరహం అనేవారు.
పుస్తకాల్లో ఇంకా బరువైన మాటలున్నాయి.
నేనక్కడ కమాను ఎత్తి కళ్ళు మూసుకునేదాన్ని,
సభ కూడా మూసుకునేది.

గోడ అవతల మగ్గం మొదలైంది.
తక తకిట. తక తకిట.
తక

"పోగు తెగింది," అంది కొంరవ్వ తల తిప్పకుండానే.
"అతుకేస్తున్నడు."

తకిట.

మునివేళ్ళ మీద లేచి గోడ మీంచి చూశాను.
ఎవరో పెద్దాయన, నడుము దాకా గుంటలో.
కాళ్ళు లేవు, చేతులే ఉన్నాయి.
వైకుంఠదాసూ ఇలాగే కూర్చుని ఉంటాడు అరవై ఏళ్ళు,
సగం నేలలో, సగం ముఖారిలో.
మిగతా సగం దిగడానికి
ఆయనకేమంత దూరం అనిపించి ఉండదు.

ఈ సంగతి మా గురువుగారికి ఎక్కడికి వెళ్ళి చెప్పను?
ఆయనకు బండ కూడా లేదు.
కాళేశ్వరంలో, రెండు నదులు కలిసేచోట వదిలేశాం.

నేను పూలు తేలేదు.
కొంరవ్వే నా కొంగులో గుప్పెడు మిరపకాయలు పోసింది,
"తొక్కు నూరుకో" అని.
పెట్టెలో రోజిన్ పక్కన సర్దుకున్నాను.

మర్నాడు నాగపూర్. అదే పల్లవి. అదే చోటు.
కళ్ళు మూసుకోలేదు.
కమాను గాల్లో ఉండగా
ఎడమచేతి రెండు వేళ్ళు వాటంతటవే
లేని పోగునొకదాన్ని మెలిపెట్టాయి.
పాడుతున్నావిడ నావైపు అదోలా చూసింది.